చివరి చీమకు ఆధారం లేదు

మా ఆయన దృష్టిలో లోకంలో మనుషులు రెండే రకాలు. వ్యాసం చివర రిఫరెన్సులు రాసేటప్పుడు రచయిత పేరు తర్వాత కామా పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు. మొదటి రకంవాళ్ళు దొంగతనం చేసి దొరికిపోయినా, పాపం ఏ కష్టం వచ్చిందో అంటారాయన. రెండో రకంవాళ్ళు గుడ్డివాణ్ణి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినా, అందులో ఏదో మతలబు ఉందంటారు.

ఆయన కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. పిల్లలు ఆయనకు కామాల మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసిన రోజు ఆయన కోప్పడతారేమోనని నేను భయపడ్డాను. ఆయన మురిసిపోయారు. నిజానికి పక్క క్లాసు మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు నేనిక్కడ రాయలేను. దాని ముందు ఇది బిరుదు కిందే లెక్క.

ఈ రిఫరెన్సుల గొడవ తెలియని అదృష్టవంతుల కోసం కాస్త చెబుతాను. పరిశోధన వ్యాసం రాసేవాళ్ళు తాము చెప్పే మాట అంతకుముందు ఎవరు చెప్పారో చూపించాలి. ఎవరు, ఏ సంవత్సరం, ఏ జర్నల్లో, ఏ సంపుటిలో, ఏ పేజీలో. ఇంతవరకు న్యాయంగానే ఉంది. అన్యాయం ఆ తర్వాత మొదలవుతుంది. ఒక జర్నల్‌వారికి సంవత్సరం రచయిత పక్కనే బ్రాకెట్లో కూర్చోవాలి. ఇంకొకరికి అది బుద్ధిగా చివరికి పోయి నిలబడాలి. ఒకరికి జర్నల్ పేరు వాలుగా ఉండాలి, ఇంకొకరికి నిటారుగా ఉండాలి. ఒకరికి అక్షరక్రమం కావాలి, మరొకరికి అంకెలు కావాలి. కొత్త అల్లుడి అలకలైనా ఇంతకంటే తేలిగ్గా తీరతాయి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా సైన్సు మొత్తం కుప్పకూలిపోతుందని వాళ్ళ నమ్మకం, దాన్ని భుజాన మోస్తున్నది తానేనని మా ఆయన నమ్మకం.

కాలేజీలో ఎవరు వ్యాసం రాసినా చివరి పేజీలు మా ఇంటికే వస్తాయి. "మాస్టారూ, మీ చెయ్యి పడితే చాలండీ, ఇంక తిరుగుండదు" అంటారు. ఆ ఒక్క ముక్కకే ఆయన రెండు చేతులా కాగితాలు అందుకుంటారు. సోఫా మీద మనుషులు కూర్చునే వీలు లేకుండా జిరాక్సు కాగితాలు కూర్చుంటాయి. వ్యాసం అచ్చయ్యాక అందులో ప్రిన్సిపాల్‌కు కృతజ్ఞతలుంటాయి, లాబ్ అటెండరుకుంటాయి, ఒకాయన వ్యాసంలో ఆయన స్కూటర్ మెకానిక్‌కు కూడా ఉన్నాయి. మా ఆయన పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు. వాళ్ళకు ప్రమోషన్లు, ఈయనకు మెడనొప్పి. అడిగితే, "పేరు కోసం చేస్తామా ఏమిటోయ్" అని మెడ రుద్దుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఈ జబ్బు కాలేజీ గేటు దగ్గరే ఆగిపోతే నేనింతగా చెప్పుకోను. ఒకరోజు పక్కింటావిడ వచ్చి, మూడో వీధిలో ఎవరో మొగుడూ పెళ్ళాలు విడిపోతున్నారని గుసగుసగా మొదలుపెట్టింది. ఈయన పక్క గదిలోంచి తల బయటపెట్టి, "ఇది మీరు స్వయంగా చూశారా, ఎవరైనా చెబితే విన్నారా? విన్నదైతే ఎవరు చెప్పారో ముందు చెప్పండమ్మా" అన్నారు. ఆవిడ మళ్ళీ చాలాకాలం మా గడప తొక్కలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇలాంటి మనిషి ఒకసారి ఒక కొత్త సంగతి కనిపెట్టారు. నిజానికి మేమిద్దరం కనిపెట్టాం.

అవి వేసవి సెలవులు. మా వంటింటి కిటికీ చట్రం పక్కన గోడలో చిన్న పగులుంది. అందులోంచి చీమలు వరుసగా గట్టు మీదికి దిగి పంచదార డబ్బా దాకా నడుస్తాయి. ఒక మధ్యాహ్నం నేను గట్టు తుడుస్తుంటే తడిగుడ్డ తగిలి వరుస చెదిరిపోయింది. చీమలన్నీ హడావిడిగా పగులు వైపు పరిగెత్తాయి. ఒక్కటి మాత్రం ఎదురు దిక్కుగా బయలుదేరింది. ఇదెవరో మా ఆయన బాపతు అనుకున్నాను. అది తిన్నగా స్టవ్ చాటుకు వెళ్ళింది. అక్కడ రెండు చీమలు దారి తెలీక ఒకేచోట గిరగిరా తిరుగుతున్నాయి. ఇది వాటిని తాకి, వాటి వెనకే నడుస్తూ, పగులు దాకా తోలుకొచ్చింది. అవి లోపలికి వెళ్ళాక తను వెళ్ళింది. నేను గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మర్నాడు కావాలనే తడిగుడ్డ వేశాను. మళ్ళీ అంతే. "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని కేకేశాను. పక్క గదిలో ఎవరి పేరుకో చుక్క పెడుతున్న మనిషి విసుక్కుంటూ వచ్చారు. కాసేపు చూశారు. వెళ్ళి భూతద్దం తెచ్చుకుని ఇంకాసేపు చూశారు.

"నిన్న వెనక్కి వెళ్ళిందీ ఇదీ ఒకటే చీమ అని ఎలా చెప్పగలవు?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. ఆయన జీవితంలో అడిగిన ప్రశ్నల్లో నాకు నచ్చింది అదొక్కటే. నేను మా అమ్మాయి గదిలోకి వెళ్ళి ఎర్రటి గోళ్ళరంగు సీసా తెచ్చాను. సూది మొన రంగులో ముంచి, ఆయన ఊపిరి బిగబట్టి చూస్తుండగా, నేనూ ఊపిరి బిగబట్టి, ఆ చీమ వీపు మీద ఒక చుక్క పెట్టాను. సాయంత్రం అమ్మాయి వచ్చి సీసా చూసుకుని, "నా గోళ్ళకు వద్దంటారు గానీ చీమలకు సింగారాలు చేస్తారా!" అని ఇల్లు ఎగరగొట్టింది.

మర్నాడు వరుస చెదరగానే వెనక్కి వెళ్ళింది ఎర్రచుక్క చీమే. ఆ తర్వాతా అదే. సెలవులన్నీ మేం గట్టు దగ్గరే గడిపాం. ఆయన దాన్ని మెల్లగా గాజుసీసాలోకి ఎక్కించి వరుసను చెదరగొడితే, దారి తప్పిన చీమలు సాయంత్రం దాకా స్టవ్ చాటునే తిరుగుతూ ఉండిపోయాయి. సీసా మూత తీయగానే ఎర్రచుక్క దిగి తిన్నగా వాటి దగ్గరికే వెళ్ళింది. ఆయన చొక్కా నలిగిపోతోందని కూడా చూసుకోకుండా వంటింటి నేల మీద చతికిలబడి పకపకా నవ్వారు. ఆయన అలా నవ్వగలరని నాకు అప్పటిదాకా తెలీదు. మా కాపురంలో నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు.

దానికి చివరి చీమ అని ఆయనే పేరు పెట్టారు. వ్యాసంలో దాని గురించి ఒక్క వాక్యం రాశారు. "వరుస చెదిరినప్పుడు ఒక నిర్ణీత చీమ వెనక్కి వెళ్ళి, దారి తప్పినవాటిని తోడుకుని, అన్నిటికంటే చివర గూటిలోకి వెళుతుంది." నాకు చదివి వినిపించి, కళ్ళజోడు తీసి, "ఈ జాతి చీమల్లో ఇది ఇంతవరకు ఎవరూ చెప్పలేదోయ్. మొదట చెబుతున్నది మనమే" అన్నారు. మనమే అన్నారు. ఆ వాక్యాన్ని అచ్చులో చూసుకోవాలన్నది తప్ప నాకు ఇంకే ఆశా లేదు. ఊళ్ళో అందరి మాటలకూ ఆధారాలు వెతికిపెట్టిన మనిషి, తన సొంత మాట ఒక్కటి చెప్పి పోవాలి. అంతే.

వ్యాసం వారం తిరక్కముందే పూర్తయింది. ఆ తర్వాత రిఫరెన్సులు మొదలయ్యాయి.

మొదటి జర్నల్‌వాళ్ళు వ్యాసాన్ని చదవకుండానే తిప్పి పంపేశారు. రిఫరెన్సులు తమ పద్ధతిలో లేవట. నేను వాళ్ళను నాలుగు తిట్టబోతే ఆయన అడ్డుపడ్డారు. "వాళ్ళదే న్యాయం. సంపుటి సంఖ్య తర్వాత ఖాళీ వదిలాను" అన్నారు, హత్య చేసి ఒప్పుకున్నట్టు. అన్నీ సరిచేశారు. సరిచేశాక ఇంకా మంచి జర్నల్‌కు పంపాలనిపించింది. ఆ మంచి జర్నల్‌వారి పద్ధతి పూర్తిగా వేరు. ఇటు కూర్చున్నవన్నీ అటు, నిలబడినవన్నీ పడుకోబెట్టి, మళ్ళీ మొదటినుంచి రాశారు.

పైగా ఆయనకొక నియమం. తన కళ్ళతో చూడని దాన్ని జాబితాలో చేర్చరు. చీమల మీద ఎప్పుడో ఎవరో పెద్దమనిషి రాసిన పాత వ్యాసం ఒకటుంది. దాన్ని అందరూ ఒకే పేజీ నంబరుతో చూపిస్తారు. ఈయనకు అనుమానం వచ్చి, రైలెక్కి, ఎక్కడో దూరాన ఉన్న లైబ్రరీకి వెళ్ళి, ఆ పాత సంపుటి దుమ్ము దులిపించి చూశారు. పేజీ నంబరు తప్పే! ఒకరిని చూసి ఒకరు అదే తప్పు రాసుకుంటూ వస్తున్నారట. యుద్ధం గెలిచి వచ్చినట్టు ఇంటికొచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"ఇంతకీ చీమ సంగతి ఎంతదాకా వచ్చిందండీ?" అన్నాను.

"ఏ చీమ?" అన్నారు.

అమ్మాయి కంప్యూటర్ల ఆఫీసులో పనిచేస్తుంది. తండ్రి అవస్థ చూడలేక ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. మీట నొక్కితే రిఫరెన్సులన్నీ ఏ జర్నల్ పద్ధతిలోకి కావాలంటే ఆ పద్ధతిలోకి మారిపోతాయట. ఆయన నొక్కారు. మారిపోయాయి. ఆయన ముఖం వాడిపోయింది. భూతద్దం తెచ్చుకుని తెరకు ముక్కు ఆనించి పూటంతా వెతికారు. చివరికి ఒకాయన పేరులో రెండు పొడి అక్షరాలు అతుక్కుపోయి కనిపించాయి.

"చూశావా!" అన్నారు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

"నాన్నా, అదొక్కటి మీరు దిద్దుకుంటే సరిపోతుందిగా!"

"ఇవాళ రెండు అక్షరాలు కలిపేసింది. రేపు ఇద్దరు మనుషుల్నే కలిపేస్తుంది. యంత్రానికి బాధ్యతేముందమ్మా?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆ మంచి జర్నల్‌వారికి ఇంకో షరతు ఉంది. వ్యాసం ఇన్ని మాటలకు మించకూడదు, రిఫరెన్సులు కూడా అందులోనే లెక్క. ఆయన చదివే కొద్దీ రిఫరెన్సులు పెరిగాయి. వాటిలో ఒక్కటి తీయమంటే కన్నబిడ్డను అమ్మమన్నట్టు చూస్తారు. మరి మాటలు ఎక్కడ తగ్గించాలి? అసలు వ్యాసంలో తగ్గించారు. ముందు గోళ్ళరంగు పోయింది. దాని స్థానంలో "గుర్తు వేయబడినది" అని వచ్చింది. తర్వాత మా వంటిల్లు పోయింది, "నివాస గృహంలో" అన్నారు. చివర్లో నాకు కృతజ్ఞతలు చెబుతూ ఒక వాక్యముండేది. అది పోయిన రోజు ఆయనే కాస్త నొచ్చుకుంటూ వచ్చి చెప్పారు.

"నీ వాక్యం తీశానోయ్. ఏమీ అనుకోకు. దానితో ఇద్దరు జర్మన్ల వ్యాసాలకు సంపుటి సంఖ్యలు పూర్తిగా ఇవ్వగలిగాను."

ఇద్దరు జర్మన్లకు నేను ఆమాత్రం సాయపడ్డందుకు సంతోషించాను. చివరి చీమ వాక్యం ఉంది కదా, చాలు అనుకున్నాను.

ఎట్టకేలకు వ్యాసం లోపలికి వెళ్ళింది. జర్నల్‌వాళ్ళు ఏ వ్యాసం వచ్చినా ఇద్దరు పెద్దమనుషులకు పంపి అభిప్రాయం అడుగుతారు. వాళ్ళెవరో మనకు చెప్పరు, చెబితే ఎవరైనా ఇంటికెళ్ళి కొడతారని కాబోలు. మొదటాయన బాగుందని రెండు ముక్కల్లో తేల్చేశాడు. రెండో ఆయన మాత్రం ఒక పేజీ నిండా రాశాడు. ఫలానా ఐదు వ్యాసాలను తప్పకుండా చేర్చాలన్నాడు. ఆ ఐదూ రాసింది ఒకే మనిషి. ఆ మనిషి ఎవరై ఉంటాడో మా పాలవాడు కూడా చెప్పగలడు. మా ఆయన మాత్రం, "ఎంత చదువుకున్నవాడో చూడు! నేనివి చూడనే లేదు" అని సంబరంగా చేర్చుకున్నారు.

ఆ పేజీ అడుగున ఇంకో మాట ఉంది. చివరి చీమ వాక్యాన్ని ఎత్తి రాసి, పక్కన, "దీనికి రిఫరెన్సు ఇవ్వలేదు. ఎవరి వ్యాసం ఆధారంగా చెబుతున్నారో చూపాలి" అన్నాడు. వ్యాసం పూర్తిగా చదివిన వాడెవడూ ఆ మాట అడగడు. కానీ అడిగాడు.

భోజనాల దగ్గర ఈయన అన్నం ముందు పెట్టుకుని దిక్కులు చూస్తున్నారు.

"ముందెవరూ చెప్పలేదనే కదండీ మనం చెబుతున్నాం? ఇంక ఆధారం ఎక్కడినుంచి వస్తుంది?" అన్నాను.

"అదే కదా ఇబ్బంది."

"ఇబ్బందేమిటి? అదే కదా గొప్ప!"

"నీకు తెలీదు, ఊరుకో. పెద్దవాళ్ళు అడిగారు. ఏదో ఒకటి చూపించాలి."

"మా వంటింట్లో చూశాం అని రాయండి."

"వంటింటికి పేజీ నంబరెక్కడుందోయ్?"

అమ్మాయి కల్పించుకుంది. "నాన్నా, మూడో పట్టికలో మీరు చూసిన లెక్కలన్నీ ఉన్నాయిగా? అది చూసుకోమని రాస్తే సరి."

"మన మాటకు మన మాటే సాక్ష్యమా? నలుగురూ నవ్విపోతారమ్మా" అని ఆయన చెయ్యి కడుక్కున్నారు.

ఇక వేట మొదలైంది. చీమల మీద లోకంలో అచ్చయిన కాగితమల్లా మా ఇంటికొచ్చింది. తను కనిపెట్టిన దాన్ని తనకంటే ముందే ఎవరైనా కనిపెట్టి ఉంటే బాగుండునని రోజూ కోరుకున్న శాస్త్రవేత్త మా ఆయన ఒక్కరే అయ్యుంటారు. తెల్లారి లేచి కొత్త జర్నల్ విప్పుతారు, ఆశగా చదువుతారు, ఆ సంగతి అందులో లేదని నీరుగారిపోతారు. నేను మాత్రం ప్రతిసారీ లోలోపల హమ్మయ్య అనుకునేదాన్ని. ఒకే గదిలో కూర్చుని ఇద్దరం చెరో దిక్కుకూ మొక్కుకున్నాం.

కొన్నాళ్ళకు ఆయన ముఖం తేటపడింది. అన్నం ఇంకోసారి వడ్డించుకున్నారు.

"పంపేశానోయ్" అన్నారు.

"ఆధారం దొరికిందా?"

"ఆ ఇబ్బంది తీరిపోయిందిలే" అని మజ్జిగ గ్లాసు ఎత్తారు. నేను పిచ్చిదాన్ని, నమ్మాను. దొరికినా ఫరవాలేదు, మొదటివాళ్ళం కాకపోతే రెండోవాళ్ళం, వాక్యమైతే అచ్చులో ఉంటుంది కదా అని సర్దిచెప్పుకున్నాను.

వ్యాసం అచ్చయింది. కాలేజీ స్టాఫ్‌రూంలో టీ ఇచ్చారు, ఇంట్లోవాళ్ళను కూడా రమ్మన్నారు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. బీరువాల మధ్య ఇరుకు గది, చాక్‌పీసు పొడి, కాళ్ళు ఊగే కుర్చీలు. ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "నా సర్వీసులో ఇంత శుభ్రమైన రిఫరెన్సులు చూడలేదు. మచ్చుకి ఒక్క తప్పు లేదు. కుర్రవాళ్ళు చూసి నేర్చుకోవాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన తలొంచుకుని నవ్వారు. వ్యాసం దేని గురించో ఒక్కరూ అడగలేదు. కప్పులు తీస్తున్న ఆయా మాత్రం, "దేని మీద రాశారమ్మా సారు?" అని నన్నడిగింది. చీమల మీద అన్నాను. "చీమల మందు గురించా?" అంది ఆశగా.

నేను ఒక మూల కూర్చుని జర్నల్ తెరిచాను. మొదటి పేజీలో లేదు. రెండో పేజీలో లేదు. మూడో పట్టికే లేదు. చివరికి వచ్చాను. మేం వేసవంతా గట్టు దగ్గర నిలబడి తేల్చిన ఫలితం ఇలా ఉంది. "చీమలు సాధారణంగా వరుసలో నడుస్తాయి." దాని పక్కన బ్రాకెట్లో ఏడు రిఫరెన్సులు. ఆ తర్వాత రిఫరెన్సుల జాబితా మొదలై, పేజీలకు పేజీలు సాగింది.

దారిలో ఆయన జర్నల్‌ను గుండెకు హత్తుకుని నడుస్తున్నారు. ఇంట్లోకి రాగానే అడిగాను.

"చివరి చీమ ఏదండీ?"

ఆయన చెప్పులు విప్పుతూ, "తీసెయ్యాల్సి వచ్చింది" అన్నారు.

"ఎందుకు?"

"ఆధారం దొరకలేదు."

"కళ్ళారా చూశాం కదండీ!"

"చూస్తే చాలదు. చెప్పినవాళ్ళుండాలి." ఆయన గొంతు తగ్గింది. "నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? రెండు రోజులు చెయ్యి రాలేదు. కానీ ఆ ఒక్కదాని వల్ల మొత్తం జాబితాకే మచ్చ. నువ్వేం దిగులు పడకు. రేపు ఎవరో ఒకరు ఆ సంగతి రాస్తారు. అప్పుడు వాళ్ళను చూపించి మళ్ళీ రాస్తాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు తిట్టాను. జర్మన్లను తిట్టాను, రెండో పెద్దమనిషిని తిట్టాను, వాళ్ళ సంపుటాలన్నిటినీ తిట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. చీమ కోసం ఏడ్చే మనిషిని చూసి ఎవరైనా నవ్వుకోవచ్చు. నేను చీమ కోసం ఏడవలేదు. ఒక మనిషి తన జీవితంలో ఒకే ఒక్కసారి కొత్త మాట అనబోయి, అనకుండా నోరు మూసుకుని, చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చాడు. అందుకు ఏడ్చాను.

ఏడుపు ఆగాక ఆయన మాట గుర్తొచ్చింది. ఎవరో ఒకరు రాయాలి, అంతేనా? మా ఇంటికొచ్చే దినపత్రికలో ఆదివారం పాఠకులు రాసే పేజీ ఒకటుంది. మా వంటింటి చీమలు అని పేరు పెట్టి జరిగింది జరిగినట్టు రాశాను. తడిగుడ్డ, స్టవ్ చాటు, గోళ్ళరంగు, గాజుసీసా, అన్నీ పెట్టాను. ఎవరు మాటలు లెక్కపెడతారో చూద్దామనుకున్నాను. ఒక్కచోట మాత్రం కలం ఆగింది. లోకంలో అందరి పేర్లూ ఒద్దికగా రాసిపెట్టే మనిషి పేరు ఇంతవరకు ఎవరూ ఎక్కడా రాయలేదు. కోపంగానే ఉన్నాను, అయినా మనసొప్పలేదు. "ఈ సంగతి మొదట కనిపెట్టింది మా ఆయన" అని ఆయన పేరు, కాలేజీ పేరు పూర్తిగా రాశాను. అది అబద్ధమని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్న అది అచ్చయింది. పత్రిక ఆ పేజీ పైకి వచ్చేలా మడిచి కాఫీ పక్కన పెట్టాను. ఇదిగో, ఎవరో రాశారు, ఇక మీ ఇష్టం అనబోయాను. ఆయన అప్పటికే చదువుతున్నారు. కాఫీ చల్లారిపోయింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికొచ్చి, జేబులోంచి కలం తీశారు. పత్రిక తేదీ, పేజీ నంబరు రాసుకుంటారు కాబోలు అనుకున్నాను. ఆయన ఒక వాక్యం కింద గీత గీశారు.

"ఇది తప్పు" అన్నారు.

"ఏది తప్పు?"

"మొదట చూసింది నేను కాదు. నువ్వు. నేను పక్క గదిలో ఉన్నాను. నువ్వు కేకేస్తే వచ్చాను."

"పోనిద్దురూ. ఎవరు చూస్తే ఏమిటి?"

"పోనివ్వడమేమిటి!" అని ఆయన గట్టిగా అరిచారు. పెళ్ళయ్యాక ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "అచ్చులో పడిపోయింది. నువ్వు చూసిందాన్ని నేను చూశానని ఊరంతా చదువుతోంది ఇప్పుడు!"

భోజనాల బల్ల మీద జిరాక్సు కాగితాలన్నీ చేత్తో ఒక పక్కకు నెట్టేశారు. కొన్ని కింద పడ్డాయి, వంగి తియ్యలేదు. పోస్టుకార్డుకు కూడా చిత్తుప్రతి రాసుకునే మనిషి, తెల్లకాగితం తీసుకుని కొట్టివేత లేకుండా ఏకబిగిన రాశారు. ఆయన భుజం మీదుగా నేను చదివాను.

"అయ్యా, ఈ ఆదివారం మీరు వేసిన ఉత్తరంలో ఒక పొరపాటు ఉంది. ఆ చీమను మొదట చూసింది నేను కాదు, నా భార్య. గట్టు తుడుస్తూ చూసింది. నన్ను పిలిచి చూపించింది. మిగిలిందంతా ఆమె రాసినట్టే జరిగింది. వరుస చెదిరినప్పుడు ఒక చీమ వెనక్కి వెళ్ళి, దారి తప్పినవాటిని తోడుకుని, అన్నిటికంటే చివర లోపలికి వెళుతుంది. ఇది నిజం."

కింద సంతకం చేశారు. సంతకం కింద కాగితమంతా ఖాళీగా ఉంది.

"ఆధారాలేమీ రాయలేదేమండీ?" అన్నాను. వెక్కిరించాలనే అన్నాను.

ఆయన కాగితం మడిచి కవర్లో పెడుతూ, "నేనక్కడే ఉన్నాను కదా" అన్నారు.